కోమెటాస్ పలక

ఆదివారం మధ్యాహ్నం రోకేని ఎత్తి నా షెవర్లే ముందు సీట్లో కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పెట్టాను. పదకొండేళ్లుగా ఇదే పని.

విట్టియర్ బులవార్డ్ మీద మెల్లగా పోతున్నాం.

"తొక్కన్నా! చర్చి నుంచి వచ్చే ముసలమ్మలు కూడా మనల్ని దాటిపోతున్నారు," అని నవ్వాడు.

కాసేపటికి మళ్లీ ఆ మాటే ఎత్తాడు. "కోమెటాస్ పలక కొట్టుకొచ్చింది పదహారేళ్ల పిల్లాణ్ని, నేను! మీలో ఒక్కడికైనా అంత దమ్ముందా?"

"లేదురా."

కోమెటాస్ మా శత్రు క్లబ్బు. ప్రతి కార్ల క్లబ్బుకూ పేరు చెక్కిన ఇనప పలక ఉంటుంది, కారు వెనక అద్దంలో వేలాడదీస్తాం. తిన్నగా ఉంటే అది ఆ క్లబ్బు కారని అర్థం; శత్రువుల పలక దొరికితే తలకిందులుగా కట్టాలి, అదీ మర్యాద. రోకే ఆ రోజు వాళ్ల మామయ్య కారులో దాన్ని కట్టుకుని, మాకు చూపించాలని వేగంగా వస్తున్నాడు. వెనక నుంచి ఎవరో గుద్దారు. కారు స్తంభానికి కొట్టుకుంది.

"తమ పలక తలకిందులుగా కనబడేసరికి కోమెటాస్ గాళ్లకి మండిపోయుంటుంది. అందుకే గుద్దారు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "హడావిడిలో కట్టానన్నా. తిరగేసే కట్టాను కదా?"

"తిరగేసే కట్టావురా."

కట్టలేదు. అది తిన్నగానే వేలాడుతోంది. కారు నేనెరగనిది, పలక శత్రువులది. అందుకే వెనక వస్తున్న నేను బ్రేకు తొక్కలేదు.