రోజుకో ఇంగ్లీషు మాట

రాజపాళయం మిల్లు ఆఫీసు మెట్టు ముందు ముగ్గు వేసి, ఊడ్చే పాపాత్తి దాని పక్కనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కూడా పిండితో దించింది.

“దీనికి అర్థం ఏమి సామీ?”

హెడ్ గుమస్తా విజయరాఘవ రాజా చెప్పులు విప్పుతూ చూశాడు. ఎస్సెల్సీ ప్యాసైన మనిషి. ఇంగ్లీషు ముక్క రానివాళ్లంతా ఆయన కంటికి పురుగులే. ఊడ్చే మనిషైతే మరీను.

“ఈజ్. ఉండాడు, ఉండాది అని. నీకెందుకే ఇది?”

“మేనేజరు మేజ మీద ఒక కాయిదం ఉండాది సామీ, గాజుగుండు కింద. దినానికి ఒక మాట చూసి వస్తాను. ముగ్గు మాదిరి నెనపుంటాది, మరిచిపోను. నా వేల, ఈ ఊడ్చే పని, ఉంటాదా పోతాదా తెలియల్ల గదా.”

రాజాకు లోపల పండగైంది. ఆఫీసులో ఒకరిని తీసేస్తారని అందరికీ తెలుసు. కుర్తాళం వెళ్లిన యజమాని సోమవారం వచ్చి ఆ కాగితం మీద సంతకం పెట్టడమే తరువాయి. పాపాత్తి మీద మూడుసార్లు ఫిర్యాదు చేసింది తనే. మేనేజరు గదిలోకి గుమస్తాలు అడుగు పెట్టకూడదు, తుడవడానికి ఆమె వెళ్లొచ్చు. దాని ఉద్వాసన కబురు అదే మోసుకొస్తోంది, మొద్దు మొహం.

“దినామూ అడుగు. చెప్తాను.”

మర్నాడు ‘రూడ్’.

“మరియాద తెలియనిది. ఎట్ల వాడల్లనో విను. పాపాత్తి ఈజ్ రూడ్.”

గుమస్తాలు నవ్వారు. పాపాత్తి తలొంచుకుని ఆయన మేజా తుడిచింది.

“నా పేరు పలక ఎవరు తుడిచేది?”

ఇనీషియళ్లతో సహా మదురైలో ఇంగ్లీషులో చెక్కించుకున్న పలక అది. అద్దంలా మెరవకపోతే ఊరుకోడు. ఆమె మళ్లీ తుడిచింది.

గురువారం ‘లేజీ’.

“సోమరి. పాపాత్తి ఈజ్ లేజీ.”

ఆమె అప్పటికి మూడు గదులు కడిగి వచ్చింది.

శుక్రవారం ఆయన పదకొండింటికి వచ్చాడు. ముగ్గు సగం చెదిరిపోయింది. మిగిలిన అక్షరాలు చూసి, “లేట్. వేళకు రానిది. పాపాత్తి ఈజ్ లేట్” అన్నాడు.

“నేను ఆరు గంటకే వచ్చినాను గదా సామీ?”

“కాయిదంలో ఉంటే అదే నిజం. నోరు మూసుకో.”

శనివారం పొడుగాటి మాట వేసింది. చదవగానే ఆయన మొహం వెలిగిపోయింది.

“డిస్మిస్. వేల నుంచి తీసేసేది. ముగిసిపోయింది నీ కత. నీ చోటికి సేత్తూరు తాయమ్మను రమ్మని చెప్పేసినాను.”

లోపలికి వెళ్లి దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. పాపాత్తి వెనకే వచ్చింది. ఆమె కళ్లలో తడి లేదు. అది ఆయనకు నచ్చలేదు.

“ఏడ్చేది కూడా రాదా నీకు? అన్ని మాటలూ అడిగి తెలుసుకున్నావే.”

“అన్నీ అడగలేదు సామీ.”

పాపాత్తి మేజా మీది పలకను కొంగుతో తుడిచి, మెల్లగా ఆయన వైపు తిప్పింది.

“కాయిదంలో మొదట ఉండే మాట ఇదే గదా, దినామూ నేను తుడిచేది.”