ఏనుగు తాత గొంతు

"పిల్లలు లేకుండా పెద్దవాళ్ళని రానివ్వటం లేదండీ."

దర్శకుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పాడు. పొద్దుటి నుంచీ అతను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఏళ్ళ తరబడి గీయించిన బొమ్మల సినిమాను ఇవాళే మొదటిసారి కొన్ని కుటుంబాలు చూడబోతున్నాయి. పిల్లలు మధ్యలో లేచిపోతే సినిమాను అటకెక్కిస్తానని నిర్మాత ముందే చెప్పేశాడు.

వచ్చిన పెద్దాయన మాట్లాడలేదు. తెర వైపు చూపించాడు. చెవి మీద వేలు పెట్టుకుని నవ్వాడు.

"చెవుడాండీ? వినబడకపోతే సినిమాకొచ్చి ఏం చేస్తారు?"

పెద్దాయన కాదన్నట్టు తల ఊపి, మళ్ళీ చెవి చూపించాడు.

"మీకు దణ్ణం పెడతా, ఇవాళ నన్నొదిలెయ్యండి. రిలీజయ్యాక మనవల్ని తీసుకుని రండి."

పెద్దాయన లోపలికి ఒకసారి తొంగి చూసి మెట్లు దిగిపోయాడు. దర్శకుడు హమ్మయ్య అనుకుని తలుపు వేశాడు.

సినిమా మొదలైంది.

కథ చిన్నదే. మతిమరుపొచ్చిన ఏనుగు తాత, అన్నీ తెలిసినట్టు నటిస్తూ మనవణ్ణి ఇంటికి తీసుకెళ్తుంటాడు. తాతకు గొంతిచ్చినవాడు పెద్ద హీరో.

"నేను దారి మర్చిపోలేదురా! దారే నన్ను మర్చిపోయింది!" అని హీరో గర్జించాడు.

ఒక్కరూ నవ్వలేదు.

"అమ్మా, ఇంటికెప్పుడెళ్తాం?" అంది ఓ పిల్ల. ఇంకొకడు సీటెక్కి గెంతాడు. నాన్నలు ఫోన్లు తీశారు.

"ఆ తాత పిల్లల్ని కొట్టేట్టున్నాడయ్యా!" అన్నాడు నిర్మాత విశ్రాంతిలో. "ఇక చాలు, ఆపేద్దాం."

దర్శకుడు ప్రొజెక్టర్ గదికి పరిగెత్తాడు.

"ఏదో ఒకటి చెయ్యవయ్యా!"

సౌండ్ ఇంజనీరు కాస్త నసిగాడు. "పాత ట్రాక్ ఇవాళ తెచ్చాను సార్. రెండో సగం దాంతో వెయ్యనా?"

బొమ్మలు గీయాలంటే ముందు మాటలుండాలి. అందుకని మొదట్లో ఇంజనీరు తనకు తెలిసిన ఎవరితోనో ఏనుగు మాటలు చెప్పించాడు. ఆ గొంతు వింటూనే ఏనుగు మూతి, కళ్ళు, నడక అన్నీ గీశారు. పని అయ్యాక ఆ గొంతు పీకేసి హీరో గొంతు అతికించారు. ఆ మనిషి ఎవరని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"వెయ్యి, వెయ్యి!"

రెండో సగంలో ఏనుగు మళ్ళీ దారి తప్పింది. గొంతు సవరించుకుని, దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా మెల్లగా అంది.

"నేను దారి మర్చిపోలేదురా... దారే నన్ను మర్చిపోయింది."

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. ఒకావిడ పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆట ముగిసినా ఎవరూ లేవలేదు. నిర్మాత కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"మా నాన్నా ఇంతేనయ్యా, చివర్లో అన్నీ గుర్తున్నట్టే బుకాయించేవాడు," అన్నాడు. "ఈ గొంతే ఉంచు. హీరోతో నేను మాట్లాడుకుంటాలే."

దర్శకుడికి కాళ్ళు నేల మీద ఆనలేదు. వెళ్ళి ఇంజనీరును కావలించుకున్నాడు.

"మొదటి సగం మాటలు తర్వాత మార్చేశాం కదా, రేపే ఆయన్ని పిలిపించు. మళ్ళీ చెప్పిద్దాం. ఇంతకీ ఎవరాయన?"

ఇంజనీరు సీట్ల వరసలన్నీ వెతుకుతున్నాడు.

"సొంతవాళ్ళని సినిమాలో దూరుస్తున్నాడంటారని చెప్పలేదు సార్. మా నాన్న."

"మరింకేం! వెంటబెట్టుకురా!"

"ఆయనింక మాట్లాడలేరు సార్, పోయిన నెల ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు; ఆటయ్యాక ఖాళీ హాల్లోనైనా ఆ ఏనుగు నోట ఆయన గొంతు ఆయనకి వినిపిద్దామని ఇవాళ రమ్మన్నాను, ఎక్కడా కనబడట్లేదు, గుమ్మం దగ్గర మీకేమైనా ఎదురుపడ్డారా?"