అమావాస్య నాడు ఆగిన మనిషి

"ఈ గ్రూపులో మనుషులెంతమంది ఉండారో చెప్పు చూద్దాం," అన్నాడు ఏసుకుమార్.

"రెండు నూర్ల పైనే సార్."

"ఇద్దరు."

ఓబులేష్ బిత్తరపోయాడు. ఏసుకుమార్ కర్నూలులో ఆన్‌లైన్ మోసాలు చూసే కానిస్టేబుల్. ఓబులేష్ ఫోన్‌లోని క్రిప్టో గ్రూపును పొద్దుటి నుంచీ చదువుతూ కూర్చున్నాడు.

"లాభాలొచ్చినాయని ఫొటోలు పెట్టినోళ్లంతా మోసగాళ్ల మనుషులేనప్పా. ఒక్కొక్కడు ఇరవై పేర్లతో ఉంటాడు. వాళ్లలో వాళ్లే అభినందనలు చెప్పుకుంటారు. మోసపోయింది నువ్వు. ఇంకొకరు ఈ మహానంది. 'నా దుడ్లు ఎప్పుడొస్తాయి' అని అడిగింది మీరిద్దరే."

తన డబ్బు పోయిందని ఓబులేష్‌కు తెలుసు. సొంతంగా ఇంకో మగ్గం వేసుకుందామని కడుపు కట్టుకుని దాచిందంతా ఊడ్చిపెట్టుకుపోయింది. దానికి ఏడవాల్సినంత ఏడ్చాడు. కానీ మహానంది పేరు వినగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆయప్పది ఏ ఊరు సార్?"

"నంబరు కనపడదు. ఆ యాప్ కంపెనీకి రాయాల, వాళ్లు జవాబియ్యాల. నెలలు పడతాది. ఆయన సంగతి నీకెందుకు?"

"ఆయప్పను నేనే ముంచినా సార్," అన్నాడు ఓబులేష్.

అసలు ఓబులేష్ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. సంతలో వంకాయలు కూడా నాలుగుసార్లు తిప్పి చూసే రకం. గ్రూపు నడిపే తనూజ మేడమ్, ఇంట్లో చెబితే దిష్టి తగులుతుంది, సొంత పేర్లు కూడా వద్దు అన్నప్పుడే అనుమానపడ్డాడు. అయినా చూద్దామని, అహోబిలం స్వామిని తలుచుకుని నరసింహ అని పేరు పెట్టుకుని, కొంచెం వేసి ఊరుకున్నాడు.

అంతలో అమావాస్య వచ్చింది. ఆ రోజు కోడుమూరులో వాళ్లింట మగ్గం గుంతలోకి దిగరు, డబ్బు చెయ్యి దాటనివ్వరు. గ్రూపులో మాత్రం ఎగబడి వేస్తున్నారు. ఒక్క మహానందే రాశాడు. "ఈ పొద్దు అమావాస్య. మగ్గానికే సెలవు, దుడ్లకు ఉండదా? రేపు ఏస్తా."

ఓబులేష్‌కు ప్రాణం లేచొచ్చింది. మనోడేనప్పా! మగ్గాల ఇంటి మనిషి ఉన్నచోట మోసమేముంటుంది? మర్నాడే ఉన్నదంతా తెచ్చి వేశాడు. ఆ తర్వాత మహానందికే భయం పట్టుకుంది. చాలు, ఆపేస్తానన్నాడు. ధైర్యం చెప్పింది నరసింహే. "ఏం బయపడొద్దప్పా. నాది పోతేనే నీది పోతాది. ఇంట్లో ఏముంటే అది తెచ్చి పెట్టు." పాపం, ఆ మహానంది పెట్టాడు.

ఓబులేష్ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి భార్య చౌడేశ్వరి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చెవులకు కమ్మలు లేవు, వేపపుల్లలున్నాయి.

"కమ్మలు యాడ?"

"తిరుపు ఊడింది. ఆచారికి ఇచ్చినా," అంది ఆమె, తలెత్తకుండా. "కూడు తిన్యావా? మొగం అట్లుండాదేమి?"

లాభాలొస్తే ఆమెకు జుంకాలు కొనిద్దామనుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చేసరికి ఇక ఆగలేక గోడకు చేరగిలబడి మొత్తం చెప్పేశాడు. కొత్త మగ్గానికి దాచిన డబ్బు, తనూజ మేడమ్, పోలీసులు, ఏదీ దాచలేదు. స్వామి పేరును అలాంటి పాడుపనికి వాడుకున్నానని చెప్పడానికి మాత్రం నోరు రాక, ఆ ఒక్కటీ మింగేశాడు.

ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దారం చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది.

"పోనీలే," అంది. "మనిషివి బాగుండావు. అదే శానా. దుడ్లదేముండాది."

"దుడ్లకు గాదే నేనేడ్చేది!" ఓబులేష్ పిల్లవాడిలా వెక్కాడు. "అండ్ల మహానంది అని ఒకాయప్ప ఉండాడు. అమావాస్య అని ఒక పొద్దు ఆగినాడు. మన మగ్గాలోడే. ఆయప్పను చూసే నేను నమ్మినా. ఆయప్ప వద్దు వద్దంటాంటే పెట్టు పెట్టని ఎగేసి, ఆ సంసారాన్ని కూల్చింది నేనే. వానింట్లో ఈ పొద్దు పొయ్యి ఎలిగిందో లేదో."

ఆమె చెయ్యి చెవికున్న వేపపుల్ల మీదికి పోయింది. ఓబులేష్ చూడలేదు.

"ఎమ్మిగనూరో, ఆదోనో, యాడున్నా ఎతుకుతా. మగ్గాలున్న ప్రతి ఈదీ తిరుగుతా. కాళ్ల మీద పడి, నా వల్లనే నీ కొంప మునిగిందప్పా, నన్ను చెప్పుతో కొట్టు అంటా. అంతవరకు నాకు ముద్ద దిగదు చౌడీ."

చౌడేశ్వరి దారం వదిలేసింది. మోకాళ్ల మీదే జరిగి అతని ఎదురుగా వచ్చి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు మొగుడి ముఖంలోకి చూసింది.

"నరసింహ... నువ్వేనా?"