మీనాక్షి సీను

"కనబడకపోతే మాత్రం ఏడవకూడదు. ముందే చెప్తున్నా" అన్నాడు ముత్తయ్య, రేపల్లె సినిమా హాల్లో కుర్చీ దులుపుకుని కూర్చుంటూ.

బసవమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ తెర వైపే చూస్తోంది. తెర మీద ఇంకా పొగ తాగరాదన్న బొమ్మే ఉంది.

మొగుడూ పెళ్ళాల మధ్య ఒప్పందం అది. సినిమాలో మీనాక్షి కనబడితే ముత్తయ్య ఇక దుగ్గిరాల మాట ఎత్తడు. కనబడకపోతే రేపు పొద్దున్నే దుగ్గిరాల యలమంద బండి తీసుకొస్తాడు, మీనాక్షిని తనింటికి తీసుకుపోతాడు.

యలమంద మొన్ననే వీళ్ళ ఊరు భట్టిప్రోలు వచ్చి చూసుకుని వెళ్ళాడు. మీనాక్షిని అటూ ఇటూ నడిపించాడు. పళ్ళు కూడా చూశాడు. "వయసు కాస్త ముదిరింది. అయినా పర్లేదండి, మా ఇంట్లో సర్దుకుపోతుంది" అన్నాడు.

బసవమ్మకి ఒళ్ళు మండిపోయింది. కడుపున పుట్టకపోతేనేం, తల్లిపోయిన పసిదాన్ని సీసాతో పాలు పట్టి పెంచుకుంది. ఎవడో వచ్చి పళ్ళు చూసి పర్లేదంటే ఎలా ఉంటుంది?

ముత్తయ్య గోల ముత్తయ్యది. "ఎన్నాళ్ళని ఇంట్లో పెట్టుకుంటామే? తినడం, పడుకోవడం తప్ప దానివల్ల మనకి ఒరిగేదేంటి?" అంటాడు. అందులో అబద్ధమూ లేదు. తన సినిమా ఆడుతున్న రోజున కూడా మీనాక్షి రేపల్లె రాలేదు. పొద్దున్నే కడుపునిండా తిని నీడపట్టున పడుకుంది.

దానికి సినిమా అవకాశం రావడం మాత్రం చిత్రంగా జరిగింది. కిందటి చలికాలంలో సినిమావాళ్ళు వచ్చి ఊరి పక్క రైలు పట్టాల దగ్గర మకాం వేశారు. కాలవలో స్నానం చేసి గట్టెక్కుతున్న మీనాక్షి డైరెక్టరు కంట్లో పడింది. ఆయన నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉండిపోయింది. "ఈ కళ్ళ కోసమే వెతుకుతున్నానండి" అన్నాడు బసవమ్మతో. ఆ కళ్ళు చూసే ఆమె ఆ పేరు పెట్టుకుంది మరి.

మేకప్ వద్దన్నారు. డైలాగులు లేవు. పట్టాల మీద నిలబడి వచ్చే రైలు వైపు చూడాలి, అంతే. మీనాక్షి బ్రహ్మాండంగా నిలబడింది. కట్ చెప్పినా నిలబడింది. సినిమావాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నా నిలబడే ఉంది.

"తీసినవన్నీ వేస్తారా వదినా? సగం కోసి పారేస్తారు" అని అప్పటినుంచీ పక్కింటి పుష్పలత దెప్పుతూనే ఉంది. మీనాక్షి లేదని కళ్ళారా చూసి వెళ్దామని, కొత్త సెల్‌ఫోన్ చేత్తో పట్టుకుని ఇవాళ తనూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది.

సినిమా మొదలైంది. తెనాలి స్టేషన్లో ముసుగు దొంగలు రైలెక్కారు. డ్రైవర్ని కింద పడేసి రైలుని హైజాక్ చేశారు. ప్రభుత్వం మాట వినకపోతే రైలు రేపల్లెలో ఆగదన్నారు. హాలంతా ఉలిక్కిపడింది. రేపల్లె తర్వాత పట్టాలు లేవని ఆ హాల్లో అందరికీ తెలుసు.

హీరో మోటారు సైకిల్ మీద నుంచి రైలు మీదకి దూకాడు. దొంగల్ని కొట్టాడు. రైలు అలా పోతూ ఉండగానే హీరోయిన్‌తో సూర్యలంక వెళ్ళి, సముద్రం ఒడ్డున పాట పాడి వచ్చాడు. ఒకచోట రైలు బాపట్ల స్టేషను దాటింది. ఆ దారిలో బాపట్ల ఎక్కడిదని జనం ఈలలు వేశారు. గంటలో పోయే దూరానికి రైలు రెండున్నర గంటలు తీసుకుంది. ఆ ఒక్కటి మాత్రం అచ్చం నిజంలా ఉందని ముత్తయ్య మెచ్చుకున్నాడు.

మీనాక్షి మాత్రం కనబడలేదు.

హీరో ఇంజిన్లోకి దిగాడు. ఇక వాడే రైలు ఆపేస్తాడు, కథ అయిపోతుంది. రేపు ఈపాటికి ఇల్లు బోసిపోతుంది. బసవమ్మకి తెర మసకబారింది. కళ్ళు తుడుచుకుంది.

"ముందే చెప్పాను కదా వదినా" అంది పుష్పలత.

విలన్ హీరోని ఒక్క తన్ను తన్నాడు. హీరో పడిపోయాడు. విలన్ వికటంగా నవ్వుతూ ముందుకి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

పట్టాల మధ్య మీనాక్షి నిలబడి ఉంది.

తెర నిండా ఆ కళ్ళే. విలన్ రైలు కూత వేయించాడు. మీనాక్షి కదల్లేదు. తల బయటపెట్టి బతిమాలాడు. అది తాపీగా ఏదో నములుతూ వాడి వంక చూసింది. రైలెడు జనాన్ని చంపడానికి సిద్ధపడ్డవాడు, ఆ చూపు ముందు చచ్చినట్టు బ్రేకు వేశాడు.

రైలు ఆగింది. హాలు దద్దరిల్లింది. భట్టిప్రోలు వాళ్ళు కుర్చీలెక్కారు. తర్వాత మంత్రిగారు హీరో మెళ్ళో దండ వేస్తుంటే, అది మీనాక్షికి వెయ్యాలని వెనక నుంచి గొడవ.

బసవమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ముత్తయ్య వద్దనలేదు.

"పుష్పలతా, నీ ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వమ్మా" అన్నాడు బయటికొచ్చాక. యలమంద దొరికాడు. "బండి తేవద్దయ్యా. మా మీనాక్షిని పంపించడం లేదు. అది సినిమాల్లో చేస్తోంది" అన్నాడు కాస్త ఠీవిగా.

ఇల్లు చేరగానే బసవమ్మ పరుగున వెళ్ళి మీనాక్షి మెడ కావిలించుకుంది. గుప్పెడు ఉప్పుతో దిష్టి తీసింది. నీ అంత నటి ఈ జిల్లాలోనే లేదని చెవిలో చెప్పింది.

మీనాక్షి ఆ పొగడ్తలన్నీ విని, తోకతో ఆమె చెంప మీద ఒక్కటిచ్చి, ఎప్పటిలాగే అరచెంబు పాలిచ్చి ఊరుకుంది.