పెన్సిల్ మార్కులు

"రబ్బరు మెత్తనిదేనండి, కాగితం చిరగదు," అన్నాడు సూపరింటెండెంటు.

ఇంటర్వ్యూ చేసిన ఇంజనీరు దాన్ని ముట్టుకోలేదు. మార్కులు ముందు పెన్సిల్‌తో వేయడం, పైనుంచి మాట వచ్చాక సిరాతో ఖాయం చేయడం ఆ కార్యాలయపు ఆనవాయితీ. అందరికన్నా బాగా చెప్పిన అమ్మాయికి ఆయన ఇరవైకి పద్దెనిమిది వేశాడు. దాన్ని తొమ్మిది చేయమని ఇప్పుడే ఫోను వచ్చింది.

"చెయ్యను. ఆ పిల్ల ఒక్క ప్రశ్నకీ తడుముకోలేదయ్యా."

"మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారండి."

"చేసుకోనీ. నేను ఎవరి కాళ్లూ పట్టుకోకుండా వచ్చినవాణ్ణి. నా చేత్తో మాత్రం జరగదు."

వచ్చే నెల పదవీ విరమణ చేయబోతున్న సూపరింటెండెంటు లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"కోప్పడనంటే ఒక మాట. ఇరవయ్యారేళ్ల కిందట మీ ఇంటర్వ్యూ కాగితాలూ ఈ బల్ల మీదికే వచ్చాయి. మీ పెదనాన్నగారు ఫోను చేయించారు. రబ్బరు పట్టుకున్నది నేనే."

అబద్ధమని అనబోయాడు ఇంజనీరు. నియామక పత్రం వచ్చిన రోజు ఇల్లంతా సంబరపడుతుంటే, పెదనాన్న ఒక్కడే ఆశ్చర్యపోకపోవడం గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని తన మీద నమ్మకమనుకున్నాడు.

"నా కోసం ఎవరివి చెరిపారు?"

"పేరు గుర్తులేదండి. ఆవిడా తడుముకోలేదు."

ఇంజనీరు రబ్బరును ముట్టుకోలేదు. సూపరింటెండెంటు దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు.