ఫోను మొత్తుకోవాలె

"ఫిట్స్ వచ్చినప్పుడు గీ ఎర్ర బటన్ ఒత్తాలె అక్కా," అంది ఉజ్మా. మూర్ఛ ఉన్నోళ్ల కోసం తయారుచేస్తున్న యాప్ చూపించడానికి ఆమె నారాయణపేట వచ్చింది.

మగ్గం మీద కూర్చున్న గోపమ్మ పక్కున నవ్వింది. "గప్పుడు నాకు సోయే ఉండదు గదా బిడ్డా! ఒత్తేటిది ఎవరు, యముడా?"

ఉజ్మా ముఖం చిన్నబోయింది. ఆరు నెలలు ఆఫీసులో ఆ బటన్ రంగు మీదే కొట్లాడుకున్నారు.

"మరి నీకేం కావాలె?"

"నాకేం వద్దు. చుట్టున్నోళ్లకే కావాలె. మొన్న పడితే మా అత్త చేతిల తాళాలు పెట్టింది. మా ఆయన నోట్ల చెంచా కుక్కిండు. మూర్ఛ పోయింది, దాంతోటి పన్ను గూడ పోయింది."

ఉజ్మా రికార్డింగ్ నొక్కి ఫోన్ గోపమ్మ ముందు పెట్టింది. "నువ్వు పడంగనే ఫోనే మొత్తుకునేటట్టు చేస్త. వాళ్లకు ఏం చెప్పాల్నో నీ నోటితోనే చెప్పు."

గోపమ్మ గొంతు సవరించుకుంది. "ఓ అత్తా, ఆ తాళాలు అవతల పారెయ్యి! ఓ మొగడా, నోట్ల ఏం పెట్టకు! జర నన్ను పక్కకు ఒరిగియ్యుండ్రి!"

లోపలి నుంచి అత్త వచ్చి గడపలో నిలబడింది. గోపమ్మ నాలుక కరుచుకుంది.

"పక్కకంటే ఎటే?" అని మెల్లగా అడిగింది అత్త. "ఎడమకా, కుడికా?"

గోపమ్మకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరైనా ఆమె మూర్ఛ గురించి ఆమెనే అడగడం అదే మొదటిసారి.