వకీలు నేర్పిన మాట

“మల్ల తప్పినవ్ సోమన్నా. ఇంకోపారి అను.”

హవాలాతు ఊచల బయట గొంతుక్కూర్చున్న వకీలు పరమేశ్వర్ ఓపిగ్గా అన్నాడు. ఊచల లోపల సోమన్న వాచిన పెదవులు తడుపుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. సగం దాకా బాగానే నడిచిన ఉర్దూ వాక్యం ఆ తర్వాత నోట్లోనే తడబడి ఆగిపోయింది. కల్వకుర్తి సంతలో వినే జర, ఫికర్, జల్దీ లాంటి మాటలైతే సోమన్నకూ వచ్చు. ఇది అదాలత్‌లో చదువుకున్నవాళ్ళు మాట్లాడే గట్టి ఉర్దూ. అందులో ఒక్క ముక్క కూడా అతనికి చుట్టం కాదు.

“నాతోని కాదు వకీలు సాబ్. తెలుగుల జెప్పుకుంట.”

“మున్సిఫుకు తెలుగు రాదు. నువ్వు జెప్పింది దొర మనిషి ఉర్దూలకు మారుస్తడు. నువ్వు ఆకలంటే వాడు దోపిడంటడు. నీ నోటితోని నువ్వే జెప్పాలె.”

“మరి దీని మతలబేంది?”

“‘ఆకలికి గింజలు తీసుకున్న, మన్నించున్రి’ అని. ఆఖరి మాట అనేటప్పుడు నా దిక్కు చెయ్యి జూపాలె. ‘నా వకీలు ఈయన’ అని జూపుడు అదాలత్‌ల మర్యాద.”

ఆ ఏడు సర్కారుకు కొలవాల్సిన లెవీ పేరు చెప్పి ఊళ్ళోని గింజలన్నీ దొర తన గడిలోని కొట్టుకు చేర్చుకున్నాడు. వాడలో పిల్లలు గంజికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంటే, జనం కొట్టు తాళం పగలగొట్టి తలా ఇన్ని వడ్లు తెచ్చుకున్నారు. అందరూ తప్పించుకున్నారు. కాలీడ్చి నడిచే సోమన్న ఒక్కడే దొరికాడు. తాళం పగలగొట్టమన్నదెవరని పోలీసు అమీను అడగని రోజు లేదు. పేరు చెబితే ఇంటికి పంపుతానన్నాడు, చెప్పకుంటే జైల్లోనే ముసలివాడివవుతావన్నాడు. సోమన్న వీపు చిట్లింది గానీ నోరు విప్పలేదు. చివరికి వకీలు కూడా “జెప్పి బయటపడు సోమన్నా” అని బతిమాలాడు.

“పెయ్యి తోలు వొలిసినా జెప్ప సాబ్,” అన్నాడు సోమన్న. ఆ మరునాటి నుంచే ఈ ఉర్దూ పాఠం.

వకీలు అటు వెళ్ళగానే సోమన్న పెళ్ళాం జంగమ్మ వచ్చింది. జొన్నగటక ముంత ఊచల సందులోంచి ఇచ్చి గొంతు తగ్గించింది.

“ఆయన్ని నమ్మకు. నిన్న అమీను ఇంట్ల గంటసేపు కూసున్నడట. మగ్గాలోళ్ళ వాడల నడిపే రాత్రి బడి వేరేటోళ్ళకు ఒప్పజెప్పిండు. బట్టల మూట గూడ కట్టుకున్నడట.”

“గట్ల అనకు. మన వాడకు బాయి తవ్విచ్చింది ఆయన గాదా? వెట్టి బందువెట్టిచ్చింది ఆయన గాదా?”

“గప్పుడు మంచోడే. ఇప్పుడు దొర కొనుక్కుండు. నీకు రాని భాషల నీతోనే తప్పు ఒప్పిస్తడు జూడు.” జంగమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. “అసలు ఎవల్ని దాస్తున్నవ్? నా కన్న, పిల్లల కన్న ఎక్కువనా వాడు?”

సోమన్న ముంత మూలకు జరిపాడు. జంగమ్మ మాట మాత్రం గుండెలో దిగబడింది. ఆ రాత్రంతా అనుమానం అతన్ని పీక్కు తింది.

మరునాడు సోమన్నను బోనులో నిలబెట్టారు. ఎదురుగా మున్సిఫు, పక్కన మీసం దువ్వుకుంటున్న అమీను, ముందు వరసలో దొర. మూగవాడిలా ఊరుకుందామా అనిపించింది. వకీలు వైపు చూశాడు. నిద్రలేని కళ్ళతో ఆయన తల ఊపాడు. ఇన్నాళ్ళు నమ్మిన మనిషిని ఈ ఒక్క రోజు నమ్మకపోతే తిన్న దెబ్బలన్నీ దండగే అనుకున్నాడు సోమన్న. కళ్ళు మూసుకుని వాక్యం మొత్తం అప్పజెప్పి, ఆఖరి మాటకు వకీలు వైపు చెయ్యి చూపాడు.

అమీను నవ్వాడు. దొర నవ్వాడు. వాళ్ళ నవ్వు చూసి సోమన్న పై ప్రాణాలు పైనే పోయాయి. మున్సిఫు మళ్ళీ చెప్పమని సైగ చేశాడు. ఇక చేసేదేముంది? మళ్ళీ చెప్పాడు. వెనక జంగమ్మ శోకం అందుకుంది.

జవాన్లు వచ్చి సోమన్న రెక్క పట్టుకున్నారు. పిల్లల్ని ఇక చూడననుకుంటూ బయటికి నడిచాడు. వరండాలో ఒక జవాను బేడీలు విప్పి, “పో, ఇంటికి పో,” అన్నాడు.

సోమన్నకు నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. జంగమ్మ పరిగెత్తుకొచ్చి మెడ చుట్టేసి బావురుమంది.

“పాపిష్టిదాన్ని. దేవునసొంటి మనిషిని అనుమానపడ్డ. ఆయన కాళ్ళు మొక్కి పోదాం.”

మెట్ల దగ్గర నిలబడ్డారు. దొర వెళ్ళాడు, తక్కిన వకీళ్ళూ వెళ్ళారు. పరమేశ్వర్ రాలేదు. అదాలత్ బంట్రోతు సైదులు తలుపు వేస్తుంటే సోమన్న అతని దగ్గరికి పోయాడు.

“వకీలు సాబ్ ఏడి సైదులన్నా? మొక్కి పోదామని నిలబడ్డం.”

“ఆయన ఇప్పట్ల రాడు.”

“ఎందుకు? నేను తప్పు జెప్పిన్నా ఏంది?”

“లే. ఒక్క అక్షరం తప్పలే.”

సోమన్న ముఖం విప్పారింది. “ఇన్ని దెబ్బలు తిన్న గని, ఆ పేరు మాత్రం నా నోట్లకెల్లి రాలే అన్నా.”

సైదులు చేతిలోని తాళం అలాగే పట్టుకుని అతన్ని తేరిపార చూశాడు.

“నువ్వేం జెప్పినవో నీకు ఎరుకలేదా?”

“ఏం జెప్పిన?”

“‘తాళం పగలగొట్టమన్నది ఈయనే’ అన్నవ్.”